గ్రానైట్ ఊళ్ళో టేకు గట్టు: మూడున్నరేళ్ళ వాడకం తరువాత

మాది ఒంగోలు. ఊరికి 20 కిలోమీటర్ల దూరంలోనే చీమకుర్తి ఉంది. నల్లరాతిలో బంగారు రంగు చుక్కలు మెరిసే గెలాక్సీ గ్రానైట్ అక్కడి గనుల్లోంచే దేశదేశాలకు వెళుతుంది. అంత రాయిని పక్కన పెట్టుకుని, వంటింట్లో సింకు దగ్గర టేకు చెక్కతో గట్టు వేయించుకుంటానని నేను అన్నప్పుడు మావారు నవ్వి ఊరుకున్నారు గానీ, మా అత్తయ్య మాత్రం "నీళ్ళు పడే చోట చెక్కేమిటమ్మా, నానిపోదూ?" అని అడిగారు. మూడున్నరేళ్ళు వాడిన తరువాత ఆమె ప్రశ్నకు నా దగ్గర ఒక జవాబు ఉంది. నీళ్ళు పడి ఆరిపోయే చోట టేకు నిక్షేపంలా ఉంటుంది, నీళ్ళు నిలిచే చోట ఎంత ఖరీదైన పాలిష్ వేసినా ఉండదు. ఈ చిన్న తేడా తెలియక నేను ఒకసారి వేయించిన గట్టును విప్పించి మళ్ళీ వేయించాను, ఆ తరువాత అందులో కొంత భాగాన్ని పూర్తిగా వదులుకున్నాను.

చెక్క మీద మోజు నాకు మెల్‌బోర్న్‌లో పుట్టింది. మా అమ్మాయి అక్కడ అద్దెకున్న ఇంట్లో వంటింటి గట్టంతా చెక్కే. స్టీలు గిన్నె పెడితే ఖంగుమని మోగదు, చలికాలం ఉదయం చెయ్యి ఆనిస్తే జివ్వుమనదు, చేయి జారిన గాజు గ్లాసు పగలకుండా దొర్లిపోతుంది. నేను అక్కడున్న మూడు నెలల్లో అవన్నీ గమనించాను. కుళాయి మొదట్లో చెక్క నల్లగా మారి ఉండడం కూడా చూశాను గానీ, పాత ఇల్లు కదా అని పట్టించుకోలేదు. ఆ నలుపు గురించి అప్పుడే నాలుగు ప్రశ్నలు అడిగి ఉంటే ఈ సమీక్షలో సగం రాయవలసిన పని ఉండేది కాదు.

2022లో మా వంటింటి పాత కడప బండ సింకు దగ్గర పగిలింది. పొయ్యి వైపు రాతిని అలాగే ఉంచి, సింకు వైపు 6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు గల గట్టును, భోజనాల గదిలో చేతులు కడుక్కునే వాష్ బేసిన్ కోసం 4 అడుగుల పొడవు, 18 అంగుళాల వెడల్పు గల మరో పలకను టేకుతో చేయించాలని నిశ్చయించాను. రెండింటికీ మందం అంగుళంన్నర. ఊళ్ళోని ఒక కలప అడితిలో ఘనపుటడుగు 4,200 రూపాయల చొప్పున, కోతలో పోయే తరుగుతో కలిపి 3 ఘనపుటడుగుల పైచిలుకు చెక్క కొన్నాం. చెక్కకు 13,500, వడ్రంగి కూలికీ పాలిష్‌కూ కలిపి 11,000 రూపాయలు అయ్యాయి. అదే కొలతకు మంచి గ్రానైట్ వేయించి ఉంటే ఇందులో సగం కూడా అయ్యేది కాదు. కాబట్టి చెక్క చవక అనుకుని ఎవరూ దీని జోలికి రావద్దు.

మే నెలలో బిగించారు. మెలమైన్ పాలిష్ (చెక్క పైన గట్టి పొరలా పట్టే మెరుగు పూత) వేసి తీర్చిదిద్దిన ఆ గట్టు మొదటి నాలుగు నెలలూ చూడముచ్చటగా ఉంది. వచ్చిన ప్రతివారూ చేత్తో ఒకసారి నిమిరి చూసేవారు. రాతి గట్టును ఎవరూ అలా నిమరరు. ఆ మురిపెం అక్టోబరు దాకానే సాగింది.

మా ప్రాంతానికి అసలైన వానలు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. అక్టోబరు చివరి వారంలో ముసురు పట్టి ఇంట్లో ఉప్పు కూడా చెమ్మగిల్లే రోజుల్లో, గట్టు ముందు అంచు కొద్దిగా పైకి లేచినట్టు అనిపించింది. ఒక చెక్క స్కేలు తెచ్చి అడ్డంగా పెట్టి చూస్తే నడిమిన రెండు మిల్లీమీటర్ల సందు కనబడింది. పలక పళ్ళెంలా వంగింది. వంగిన చోటల్లా నీళ్ళు చేరి, తుడిచినా తడి మిగిలిపోయేది. నవంబరు నడిమికి వెనక గోడ టైల్స్ ఒకటి పగుళ్ళిచ్చింది. పలక వెనక్కి వ్యాకోచించి గోడను నెట్టిందన్నమాట. సింకుకు ఎడమ పక్కన రెండు పలకలు అతికిన చోట గోరు దూరేంత చీలిక వచ్చింది.

అన్నిటికన్నా బాధ పెట్టింది కుళాయి మొదలు. వంగి దగ్గరగా చూస్తే, కుళాయి గొట్టం దిగిన రంధ్రం చుట్టూ మొదట పాలిష్ కింద పాలపొరలాంటి తెలుపు, దాని లోపల ముదురు గోధుమ రంగు వలయం, మరీ అంచున కాటుక పెట్టినట్టు నలుపు ఉన్నాయి. గోటితో గీరితే పాలిష్ ఉల్లిపొరలా లేచి వచ్చింది. దాని కింద చెక్క మెత్తబడలేదు గానీ తడిగా ఉంది. పైన పొర ఉన్నది నీళ్ళు లోపలికి రాకుండా కాపాడడానికి కదా. ఒకసారి నీళ్ళు పక్క నుంచి లోపలికి దూరాక అదే పొర ఆ తడిని బయటికి పోనీయకుండా మూత పెట్టినట్టు పట్టి ఉంచింది.

అప్పుడు ఈ విషయం మీద నిజంగా తెలుసుకోవడం మొదలుపెట్టాను. చెక్క గాలిలో తేమను బట్టి ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది. పొడవున దాదాపు కదలదు, వెడల్పున కదులుతుంది. కలపలన్నింటిలో టేకు తక్కువ కదిలే రకమే. అయినా మా ఊరి వడగాలుల మే నెలలో 10 శాతం తేమతో ఉన్న 2 అడుగుల పలక, నవంబరు ముసురులో 15 శాతానికి చేరితే, కోసిన తీరును బట్టి 3 నుంచి 5 మిల్లీమీటర్ల దాకా వెడల్పు పెరుగుతుంది. సూదులు గుచ్చి తేమ చూసే చిన్న మీటరు ఒకటి కొన్నాను కాబట్టి ఈ 10, 15 శాతాలు నేను మా ఇంట్లోనే చూసిన అంకెలు. మా గట్టును ఎండలు మండే కాలంలో, పలక బాగా ముడుచుకుని ఉన్నప్పుడు, గోడకు ఆనించి ఒక్క వెంట్రుక సందు లేకుండా బిగించారు. ఆ బిగింపు చూసి పనితనమని నేనే మెచ్చుకున్నాను.

పలక వంగడానికి కారణం వేరు. పైముఖానికి మూడు పూతలు వేశారు, కనబడని అడుగు ముఖానికి ఒక్క పూత కూడా వేయలేదు. కింద అలమారలోని చెమ్మను అడుగు ముఖం పీల్చి ఉబ్బింది, పైముఖం ఉబ్బలేదు, అంచులు పైకి లేచాయి. కుళాయి, సింకు కోసం కోసిన రంధ్రాల అంచులను కూడా వట్టిగానే వదిలేశారు. చెక్కలో నీళ్ళు ఎక్కువగా దూరేది అక్కడి నుంచే. చెరకు గడ పైతోలు మీద నీళ్ళు పోస్తే జారిపోతాయి గానీ, గడను అడ్డంగా నరికి ఆ ముఖాన్ని నీళ్ళలో ఉంచితే పీల్చుకుంటుంది కదా, చెక్క కూడా అంతే. అడ్డంగా కోసిన ముఖంలో చెట్టు నీళ్ళు తాగిన గొట్టాలన్నీ నోళ్ళు తెరుచుకుని ఉంటాయి.

విప్పినప్పుడు మరో రెండు సంగతులు బయటపడ్డాయి. వెనక అంచున రెండు వేళ్ళ వెడల్పున తెల్లచెక్క ఉంది. టేకుకు పేరు తెచ్చిన గట్టిదనం, దానిలోని సహజమైన నూనె, చెదలకు లొంగని గుణం అన్నీ చెట్టు నడిమి చేవలోనే ఉంటాయి. బెరడుకు దగ్గరగా ఉండే తెల్లచెక్కకు ఆ గుణాలేవీ లేవు. పాలిష్‌లో రంగు కలిపి రెంటినీ ఒకటే చేశారు కాబట్టి నాకు తెలియలేదు, బూజుకు మాత్రం తెలిసింది; సరిగ్గా ఆ రెండు వేళ్ళ మేరే బూడిద రంగు పట్టింది. రెండోది, వాడిన మరలు మామూలు ఇనుపవి. తడి తగిలిన ఇనుము, చెక్కలో ఉండే టానిన్ అనే వగరు పదార్థం కలిస్తే సిరాలాంటి నలుపు పుడుతుంది. ప్రతి మర చుట్టూ అలాంటి మచ్చ ఉంది. తడి చోట చెక్కకు ఇత్తడి మరలో, స్టెయిన్‌లెస్ స్టీలు మరలో వాడాలని ఆ అడితి వారికీ తెలుసు, ఆ వడ్రంగికీ తెలుసు, అడిగితే ఒప్పుకున్నారు కూడా. "మీరు చెప్పలేదు కదమ్మా" అన్నారు. అడితిలో చెక్క నాణ్యతకు నేను పదికి ఆరు ఇస్తాను, మొదటి బిగింపుకు రెండుకు మించి ఇవ్వలేను.

ఈ మధ్యలో మా అత్తయ్య అన్న ఒక మాట నాకు పుస్తకాలకన్నా ఎక్కువ పనికి వచ్చింది. పాతకాలం ఇళ్ళలో నీళ్ళలో మునిగి తేలిన వస్తువులన్నీ చెక్కవే. చల్లకవ్వం, పప్పుగుత్తి, తెడ్డు, కొబ్బరికోరు పీట, నూతి గిలక. ఏవీ పాలిష్ ఎరుగవు. "కవ్వం కడిగి గోడకు నిలబెట్టేవాళ్ళం, పీటను ఎత్తి ఎండలో ఆనించేవాళ్ళం" అని ఆమె చెప్పినప్పుడు, వంటింటి గట్టును ఎత్తి గోడకు ఆనించలేమన్న నిజం నాకు తట్టింది. కదలని చెక్కను ఉన్న చోటే ఆరేటట్టు చూడాలి. ఓడల డెక్కులకు టేకు వాడేవారని విని నేను ధైర్యం తెచ్చుకున్నాను గానీ, డెక్కు మీద ఎండా గాలీ ఉంటాయి, నీళ్ళు జారిపోయే వాలు ఉంటుంది. సింకు వెనక మూలలో ఈ మూడూ లేవు.

2023 ఫిబ్రవరిలో వేరే వడ్రంగి మేస్త్రీని పిలిచాం. ఆయన ముందు పాలిష్ అంతా గీయించి, 120 నుంచి 220 నంబరు దాకా ఉప్పుకాగితంతో రుద్దించారు. తెల్లచెక్క ఉన్న అంచును కోసి తీసేసి చేవ పట్టీని అతికించారు. టేకులో నూనె ఉంటుంది కాబట్టి అతికే ముఖాలను థిన్నర్‌తో తుడిచి, ఆరిన వెంటనే నీటికి తట్టుకునే రకం జిగురు పూశారు. రంధ్రాల అంచులన్నింటికీ రెండుసార్లు ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడి నీటిని ఆపే పూత) పట్టించారు. గోడకూ పలకకూ మధ్య 5 మిల్లీమీటర్ల సందు వదిలి దానిని సిలికాన్‌తో నింపారు. కింద నుంచి బిగించే పట్టీలకు గుండ్రని రంధ్రాలకు బదులు నిడుపాటి గాడులు పెట్టారు. పలక ఉబ్బినప్పుడు మర ఆ గాడిలో కదులుతుంది, చెక్క చీలదు. ముందు అంచు అడుగున, చివరికి అంగుళం లోపలగా, పెన్సిలు మందాన ఒక గాడి తీశారు. అంచు మీదుగా జారిన నీళ్ళు అడుగు ముఖం వెంట పాక్కుంటూ అలమారలోకి పోకుండా ఆ గాడి దగ్గర బొట్టుగా మారి కింద పడతాయి. ఎండాకాలం వానాకాలం తేడా లేకుండా మూడేళ్ళుగా ఆ గాడి చేస్తున్న పని చూస్తే, దానికి పట్టిన పది నిమిషాల శ్రమ గుర్తొచ్చి మొదటిసారి ఎందుకు తీయలేదా అనిపిస్తుంది. ఈ పనంతటికీ 9,000 రూపాయలు తీసుకున్నారు. ఈ మేస్త్రీకి పదికి తొమ్మిది. ఒక మార్కు తగ్గించింది చెప్పిన రోజుకు ఎన్నడూ రాకపోవడానికి.

పూత విషయంలో మాకు చాలా చర్చ జరిగింది. మెలమైన్, లక్కపాలిష్ తడి చోటుకు పనికిరావు. లక్కపాలిష్ మీద తడి గ్లాసు పెట్టినా తెల్ల వలయం పడుతుంది. రెండు డబ్బాలు కలిపి వేసే పి.యు. (పాలీయురెథేన్ పాలిష్) గట్టిదే, ఏళ్ళ తరబడి నిలుస్తుంది. అయితే అది కూడా పైపొరే. కత్తి గీత పడ్డా, అంచు చితికినా నీళ్ళు ఆ చోట దూరి లోపల పాకుతాయి, ఆ ఒక్క చోట బాగుచేద్దామంటే అతుకు కనబడుతుంది, పలక మొత్తం గీయవలసిందే. నూనె పూత చెక్కలోకి ఇంకుతుంది. నీటిని పి.యు. అంత బలంగా ఆపలేదు గానీ, మచ్చ పడిన అరచేతి మేర రుద్ది మళ్ళీ పూస్తే కలిసిపోతుంది. వంటింటి గట్టుకు ఆరే గుణమున్న అవిసె నూనె, వాష్ బేసిన్ పలకకు మొక్కల నూనెలు, కర్నూబా మైనం కలిపి చేసే హార్డ్‌వ్యాక్స్ ఆయిల్ వాడాం. రెండోది ఖరీదు ఎక్కువ, కానీ రెండు పూతలతో సరిపోయింది, ఇప్పటికీ నీటిబొట్టు దాని మీద ముత్యంలా నిలుస్తుంది. అవిసె నూనె నాలుగు పూతలు తాగింది, ప్రతి పూతకూ ఒక రోజు ఆరబెట్టాలి, పైగా నాలుగైదు నెలలకు మళ్ళీ అడుగుతుంది. మళ్ళీ ఎంచుకోవలసి వస్తే రెండు చోట్లా హార్డ్‌వ్యాక్స్ ఆయిలే వేయిస్తాను.

కొబ్బరినూనె, వేరుశనగ నూనె రాస్తే చాలదా అని చాలామంది అడుగుతారు. చాలదు. అవి గాలికి ఆరి గట్టిపడే నూనెలు కావు. జిడ్డుగానే ఉండి కొన్నాళ్ళకు చిమిడి వాసన వేస్తాయి. అవిసె నూనెతో మాత్రం ఒక జాగ్రత్త తప్పనిసరి. అది తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేస్తే, నూనె ఆరేటప్పుడు పుట్టే వేడి బయటికి పోలేక ఆ గుడ్డలు వాటంతట అవే అంటుకోగలవు. మా ఒంగోలు ఎండలకు ఇది మాటవరస సంగతి కాదు. మేము వాటిని నీళ్ళలో తడిపి, డాబా మీద ఒక్కొక్కటిగా పరిచి, పూర్తిగా బిరుసెక్కాకే పారేస్తాం.

రెండోసారి బిగించిన గట్టుకు అసలు పరీక్ష ఆ డిసెంబరులో వచ్చింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మాకు కరెంటు లేదు, తలుపులన్నీ మూసి ఉన్నాయి, దండెం మీది బట్టలు మూడు రోజులైనా ఆరలేదు. చెక్క తలుపులన్నీ ఉబ్బి పట్టేశాయి. గట్టు కూడా ఉబ్బింది. గోడ దగ్గర సిలికాన్ నొక్కుకుపోయి 5 మిల్లీమీటర్ల సందు సగానికి వచ్చింది. అయితే పలక వంగలేదు, అతుకు విడలేదు, టైలు పగల్లేదు. జనవరి చివరికి సందు మళ్ళీ తెరుచుకుంది. చెక్కను కదలకుండా ఆపాలని చూడకుండా, కదలడానికి చోటిస్తే ఎంత తేడా వస్తుందో ఆ రెండు నెలల్లో కళ్ళారా చూశాను.

మరకల సంగతి తెలుగువారి వంటింటిని బట్టి చెప్పాలి. పసుపు మరక పడితే భయపడనక్కరలేదు. ఎండ తగిలే చోటైతే నాలుగైదు రోజుల్లో అదే వెలిసిపోతుంది, ఎందుకంటే పసుపు రంగు వెలుతురుకు నిలవదు. ఆవకాయ జాడీ కింద నూనె వలయం పడుతుంది, అది చెక్క రంగులో కలిసిపోయింది. తడి ఇనుప మూకుడు ఒక రాత్రి ఉంచితే తెల్లారేసరికి నల్లటి చక్రం ఖాయం. దానికి ఆక్సాలిక్ యాసిడ్ ఒక్కటే నిజమైన మందు. అది విషం కాబట్టి చేతి తొడుగులు వేసుకుని, తరువాత రెండుమూడుసార్లు మంచినీళ్ళతో తుడవాలి. నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించింది అత్తయ్య తాంబూలం సున్నం. చిటికెడు సున్నం తడితో పడిన చోట టేకు కాఫీ రంగుకు మారి, రుద్దితే గానీ పోలేదు. వేడి కుక్కరు నేరుగా దించిన మచ్చను కూడా రుద్ది తీశాం. రాతి గట్టు అంచు పెచ్చు ఊడితే ఎన్నేళ్ళయినా అలాగే ఉంటుంది, చెక్కకు మాత్రం ఈ వెసులుబాటు ఉంది. చేపలు, రొయ్యలు శుభ్రం చేసే పని మేము దీని మీద పెట్టుకోలేదు. దానికి వేరే పలక ఉంది, అది పెరట్లోనే ఉంటుంది.

ఇంత చేసినా సింకు చుట్టూ మాత్రం చెక్క నిలవలేదు. 2024 వేసవికి కుళాయి మొదట్లో మళ్ళీ గోధుమ వలయం కనబడింది. ఈసారి తప్పు వడ్రంగిది కాదు, చెక్కది కూడా కాదు. మన ఇళ్ళలో అంట్లు తోమే తీరే వేరు. గిన్నెలను నీళ్ళు ధారగా వదిలి తోముతారు, తోమినవాటిని బోర్లించేది గట్టు మీదే, పైగా మా బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ కాబట్టి ఆరిన ప్రతి బొట్టూ తెల్లటి చార మిగులుస్తుంది. పని అయ్యాక ప్రతిసారీ కుళాయి వెనక దాకా గుడ్డతో తుడవాలని మా పనమ్మాయికి చెప్పాను. ఆమె పాపం రెండు నెలలు చేసింది కూడా. నాలుగిళ్ళలో పని చేసుకునే మనిషి, ఒక్క మా ఇంటి చెక్క కోసం అదనంగా పది నిమిషాలు రోజుకు రెండుసార్లు వంగి తుడవడం న్యాయం కాదని నాకే అనిపించింది. నేను ఊళ్ళో లేని వారం రోజులూ మావారు తుడవలేదన్న సంగతి వేరే చెప్పనక్కరలేదు.

చివరికి సింకు ఉన్న 30 అంగుళాల మేర చెక్కను కోయించి, ఆ చోట గెలాక్సీ గ్రానైట్ ముక్క వేయించాను. మావారు మళ్ళీ నవ్వారు. రాతిని చెక్కకన్నా 4 మిల్లీమీటర్లు దిగువగా కూర్చోబెట్టి, దాని అంచున నీళ్ళు ఆగేందుకు సన్నటి గాడి కోయించడం వల్ల సింకు నీళ్ళు చెక్క వైపు పాకవు. మిగిలిన 3 అడుగుల 6 అంగుళాల టేకు మీద కూరలు తరగడం, పిండి కలపడం, చపాతీలు వత్తడం, గిన్నెలు దించడం జరుగుతున్నాయి. అక్కడ తడి పడుతుంది, ఆరిపోతుంది. రాయీ చెక్కా పక్కపక్కనే ఉన్న ఆ గట్టు ఇప్పుడు మొదటిదానికన్నా అందంగా ఉందని నా అభిప్రాయం, కానీ అది నేను అనుకుని వేయించింది కాదు.

వాష్ బేసిన్ పలక గురించి రాయడానికి ఎక్కువ లేదు, ఎందుకంటే అది ఇబ్బంది పెట్టలేదు. బేసిన్‌ను పలకలో దించకుండా గిన్నెలా పైన కూర్చోబెట్టాం, కుళాయి గోడలోంచి వస్తుంది. కాబట్టి చెక్కలో ఉన్నది నీళ్ళు కిందికి పోయే గొట్టానికి తీసిన ఒక్క రంధ్రమే, దాని మీద బేసిన్ గొడుగులా ఉంటుంది. భోజనమయ్యాక చేతులు కడుక్కునేవారు చిందించే నీళ్ళు ఫ్యాను గాలికి అరగంటలో ఆరిపోతాయి. సబ్బు పెట్టె కింద మాత్రం ఒకసారి బంక తడి చేరి మచ్చ పడితే, పెట్టెను గోడకు తగిలించాం. మూడేళ్ళలో ఒకే ఒక్కసారి పూత వేశాను. ఇంట్లో తడి చోట చెక్క వాడాలని సరదా పడేవారు ముందు దీనితో మొదలుపెట్టమని చెబుతాను.

స్నానాల గదిలో వాడవచ్చా అని మా చెల్లెలు అడిగింది. గీజరు ఆవిరి, మూసిన తలుపు, గోడలు కడిగే యాసిడ్, ఫినాయిల్ ఉన్న చోట వద్దన్నాను. బేసిన్ ఒక్కటే ఉండి, కిటికీ తెరిచి ఉండే గదైతే ఆలోచించవచ్చు. ఆమె ఇంటి ఇంటీరియర్ వారు రబ్బరు చెక్క పలకలు చూపించారట. చూడడానికి తెల్లగా ముద్దుగా ఉంటాయి, ధర టేకులో సగం కూడా ఉండదు. కానీ తడిని ఓర్చుకునే గుణం దానికి లేదు, మన వానాకాలంలో బూజుకు ముందుగా లొంగేది అదే. మామిడి చెక్కదీ అదే కథ. టేకు చేవకు డబ్బు పెట్టలేకపోతే గ్రానైట్‌కు వెళ్ళడమే మంచిది, మధ్యేమార్గంగా చవక చెక్క వద్దు.

వేయించుకునేవారు అడితికి వెళ్ళినప్పుడు పలకను నాలుగు వైపులా తిప్పి తెల్లచెక్క ఉందేమో చూడాలి, పాలిష్ వేయకముందే చూడాలి. వడ్రంగితో అడుగు ముఖానికీ రంధ్రాల అంచులకీ పూత, గోడ దగ్గర సందు, గాడుల పట్టీలు, ఇత్తడి మరలు కావాలని పని మొదలుకాకముందే మాట తీసుకోవాలి. ఇవేవీ పైకి కనబడేవి కావు, అందుకే అడగకపోతే ఎవరూ చేయరు. వాడేటప్పుడు నేను నెలకొకసారి చేసే పని ఒక్కటే. గట్టు మీద నాలుగైదు చోట్ల చెంచాడు నీళ్ళు పోసి పది నిమిషాలు ఆగుతాను. బొట్టు బొట్టుగానే ఉంటే తుడిచి వదిలేస్తాను, ఇంకి చెక్క రంగు ముదిరితే ఆ వారంలో నూనె పూత పడుతుంది.

మొత్తం మీద 33,500 రూపాయలు, రాతి ముక్క ఖర్చు అదనం, రెండుసార్లు వంటిల్లు మూతపడిన పదకొండు రోజులు. వంటింటి గట్టుగా టేకుకు నేను పదికి ఆరు, వాష్ బేసిన్ పలకగా తొమ్మిది ఇస్తాను. నిన్న ఆ చెంచాడు నీళ్ళు పోస్తే, రాతికి ఆనుకున్న అంచున ఒక అరచేతి మేర ఇంకాయి. డబ్బాలో నూనె ఇంకా సగం ఉంది. ముసురు పట్టకముందే, ఈ ఆదివారం అత్తయ్య తాంబూలం పెట్టెను పక్కకు జరిపి ఆ పని పూర్తి చేయాలి.